చెరిగిపోయిన నత్తలు

"నత్త ఎక్కడ? ఎవరైనా నత్తని పిలవండయ్యా! నిలబడి నిలబడి నా కాళ్ళు పీకుతున్నాయి!"

బస్సుల షెడ్డు గుమ్మంలో బుల్లి టక్కున ఆగిపోయింది. ఆ గొంతుకి పైన రేకులు కూడా అదిరినట్టున్నాయి. అయినా నత్తని పిలవడమేమిటి? పిలిస్తే నత్త వస్తుందా?

వచ్చింది. ఒక బస్సు కింద ఉన్న గోతిలోంచి ముందు గ్రీజు అంటిన తల వచ్చింది. తర్వాత రెండు చేతులు వచ్చాయి.

"వస్తున్నానమ్మా! ఎగిరి రావడానికి నాకేమైనా రెక్కలున్నాయా?"

ఆ తల బుల్లి వాళ్ళ నాన్నది.

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. నాన్న కూడా నవ్వాడు. బుల్లికి మాత్రం చెవులు వేడెక్కాయి.

బుల్లికి పదేళ్ళు. వాళ్ళమ్మ బట్టలు కుట్టే కంపెనీలో సాయంత్రం ఆరింటిదాకా పనిచేస్తుంది. అందుకని బడి వదలగానే బుల్లి నాన్న పనిచేసే చోటికి వచ్చేస్తుంది. రోజూ గేటు పక్క క్యాంటీన్‌లో కూర్చుని హోంవర్క్ చేసుకుంటుంది. ఈ వారం క్యాంటీన్‌కి రంగులు వేస్తున్నారు. "షెడ్డులోకి వచ్చి బెంచీ మీద కూర్చో. ఏదీ ముట్టుకోకు" అన్నాడు నాన్న.

నాన్న బస్సులకు బ్రేకులు చూసే మెకానిక్ అని బుల్లికి తెలుసు. నత్త అని మాత్రం ఆ సోమవారమే తెలిసింది.

నాన్న నాలుగో నంబర్ బస్సు ఎక్కి షెడ్డు చుట్టూ నడపడం మొదలుపెట్టాడు. ఎంత మెల్లగా అంటే, పక్కన నడుస్తున్న మనిషి బస్సుని దాటి వెళ్ళిపోయాడు.

"తెల్లారేలోగా వస్తావా?" అని అరిచింది ఇందాకటి గొంతు. ఆమె బస్సు డ్రైవర్. గుసగుసగా మాట్లాడినా గేటుదాకా వినబడుతుంది.

మళ్ళీ నవ్వులు.

బుల్లి పుస్తకం తెరిచింది గానీ చదవలేదు. ఎదురుగా గోడకి ఇనుప లాకర్లు వరుసగా ఉన్నాయి. ఒక్కోదాని మీద సుద్దముక్కతో ఒక్కో పేరు. డ్రైవర్ ఆమె లాకర్ మీద "మైకు"; షెడ్డులో అందరికీ ఆమె మైకత్త. సామాన్లిచ్చే స్టోర్ ఆయన లాకర్ మీద "లేదు". ఎవరేమడిగినా ఆయన ముందు "లేదు" అంటాడు, తర్వాత లోపలికెళ్ళి తెచ్చిస్తాడు. నాన్న లాకర్ మీద "నత్త".

ఒక్క లాకర్ మీదే ఏమీ లేదు. శుభ్రంగా తుడిచినట్టుంది. కాసేపటికి ఒక సన్నటి మనిషి వచ్చి దాన్ని తెరిచాడు. భుజం మీద వైర్ల చుట్ట ఉంది. ఎలక్ట్రీషియన్. చెవి మీద పెన్సిల్ పెట్టుకున్నట్టు సుద్దముక్క పెట్టుకున్నాడు.

బుల్లి కళ్ళు చిన్నవయ్యాయి.

అందరికీ పేరుంది, ఇతనికి లేదు. సుద్దేమో ఇతని చెవి మీద ఉంది. పేర్లు పెట్టేవాడు తనకు తాను పెట్టుకుంటాడా? పెట్టుకోడు!

ఇంటికి వెళ్ళేముందు ఇంకొకటి కనబడింది. నాలుగో నంబర్ బస్సులో డ్రైవర్ తలుపుకి లోపలివైపు సుద్దతో గీసిన బొమ్మ. చుట్టలు తిరిగిన గుల్ల, రెండు కొమ్ములు. నత్త! పక్క బస్సులోకి తొంగి చూసింది. అందులోనూ నత్తే.

లాకర్ మీద రాసింది చాలక, ఇలా బస్సు బస్సుకీ బొమ్మలు గీసి నవ్వుకుంటున్నారన్నమాట.

"నాన్నా, షెడ్డులో నిన్ను ఎవరైనా ఏమైనా అంటారా?" రాత్రి అన్నం దగ్గర అడిగింది.

"అంటారు. పని తొందరగా కానియ్యమంటారు."

"అది కాదు. వెక్కిరిస్తారా?"

"నీకెందుకే ఆ గోలంతా? ముందు కంచం ఖాళీ చెయ్."

పెద్దవాళ్ళు ఒక మాటని దాచాలనుకుంటే ముందు కంచం ఖాళీ చెయ్యమంటారు. బుల్లి అనుమానం ఇంకాస్త పెరిగింది.

అమ్మ బట్టలు నానబెడుతూ నాన్న చొక్కా జేబు తిరగేసి దులిపింది. తెల్లటి పొడి రాలింది.

"మీరు షెడ్డుకి వెళ్తున్నారా, బడికి వెళ్తున్నారా? రోజూ ఈ సుద్దపొడి ఏంటండీ?"

నాన్న నవ్వి ఊరుకున్నాడు. బుల్లి నవ్వలేదు. చొక్కాకి కూడా సుద్ద పూస్తున్నారా? పాపం నాన్న! నోరు తెరిచి ఒక్కమాట చెప్పుకోడు.

మంగళవారం బళ్ళో లెక్కల క్లాసు. టీచర్ భిన్నాల లెక్క చేసి "అర్థమైందా?" అంది. ముందు బెంచీలో జడకి పచ్చ రిబ్బన్ కట్టుకున్న అమ్మాయి లేచింది.

"టీచర్, ఇంకోసారి చెప్పరా?"

వెనకనుంచి ఎవరో "ఇంకోసారి!" అన్నారు. క్లాసంతా కిసకిసమంది. టీచర్ డస్టర్‌తో బల్ల మీద కొట్టాకే సద్దుమణిగింది.

ఆ అమ్మాయికి "ఇంకోసారి" అని పేరు పెట్టింది బుల్లే. బడి తెరిచిన రెండో వారంలో పెట్టింది. అంత బాగా అతుక్కుంటుందని తనే అనుకోలేదు. ఇప్పుడు బడి మొత్తానికి ఆ అమ్మాయి ఇంకోసారే. అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు టీచర్ నోటినుంచి మాత్రమే వినబడుతుంది.

పచ్చ రిబ్బన్ అమ్మాయి కూడా నవ్వి కూర్చుంది. ఆమే నవ్వుతుంటే ఇంక తప్పేముంది? సరదాకేగా! బుల్లి అలాగే అనుకుంది. నాన్న నవ్వుని నమ్మని పిల్ల ఈ నవ్వుని మాత్రం ఇట్టే నమ్మేసింది.

సాయంత్రం షెడ్డులో బుల్లి హోంవర్క్ పుస్తకం వెనక పేజీలో రాసుకుంది.

"నాలుగు గంటల పది నిమిషాలు. ఎలక్ట్రీషియన్ ఏడో నంబర్ బస్సు ఎక్కాడు. చేతిలో సుద్ద. దిగాడు. చుట్టూ చూశాడు."

అతను నిజంగానే చుట్టూ చూశాడు. తెగిన వైరు దగ్గర గుర్తు పెట్టి, పట్టుకారు ఎక్కడ పెట్టానా అని వెతుక్కున్నాడు. కానీ అనుమానం పట్టినవాళ్ళకి ఎదుటి మనిషి తల తిప్పినా దొంగచూపే.

"ఏం పాపా, అలా చూస్తున్నావు?" అన్నాడతను.

"ఏం లేదు."

"ఏం లేదంటే మా స్టోర్ ఆయన పలుకుతాడు. జాగ్రత్త!"

అంతలో నిజంగానే లోపలినుంచి "ఎవరది? లేదు, లేదు!" అని వినబడింది. షెడ్డంతా పడీపడీ నవ్వింది. బుల్లికీ నవ్వొచ్చింది. పెదవి కొరుక్కుని ఆపుకుంది. శత్రువు జోకుకి నవ్వకూడదు.

బుధవారం నాలుగున్నరకి అందరూ టీ తాగడానికి షెడ్డు వెనక్కి వెళ్ళారు. ఐదింటికి బయల్దేరాల్సిన ఐదు బస్సులు వరుసగా నిలబడి ఉన్నాయి. ఐదింటిలోనూ నత్తలు.

బెంచీ కింద ఒక పాతగుడ్డ ఉంది. పంపు దగ్గరికెళ్ళి తడిపింది. మొదటి బస్సు ఎక్కి తలుపు లోపలివైపు గట్టిగా తుడిచింది. నత్త పోయింది. ముందు కొమ్ములు, తర్వాత గుల్ల. రెండో బస్సు, మూడోది, నాలుగోది, ఐదోది. ఎవరైనా వస్తున్నారేమోనని వెనక్కి చూసుకుంటూనే ఉంది. అయినా మనసుకి భలే హాయిగా ఉంది.

చివరికి లాకర్ దగ్గరికొచ్చింది. ఒక్క తుడుపుతో "నత్త" కూడా పోయింది.

ఐదు నిమిషాల తర్వాత మైకత్త తన బస్సెక్కింది. ఎక్కినంత వేగంగానే దిగింది.

"నత్త ఏది?"

"ఇక్కడే ఉన్నా కదా" అన్నాడు నాన్న, టీ గ్లాసు కడుగుతూ.

"నువ్వు కాదయ్యా, బొమ్మ! నా తలుపు మీద బొమ్మ లేదు. నువ్వీ బండి చూడలేదా?"

"చూశాను. మూడు రౌండ్లు తిప్పి నా చేత్తో గీశాను."

బెంచీ మీద బుల్లి బిగుసుకుపోయింది. నా చేత్తో?

"నా దాంట్లోనూ లేదు!" "మా దాంట్లోనూ!" మిగతా డ్రైవర్లు ఒక్కొక్కరే దిగారు. "నత్త లేకుండా మేం బండి తీయం. పోయినేడు గేటు బయట ఏమైందో మర్చిపోయావా? తొందరపడి నత్త లేని బండి తీసుకెళ్ళి గోడని గుద్దాం. మళ్ళీ ఆ పని మాత్రం చెయ్యం."

అప్పుడే మైకత్త చూపు లాకర్ల మీద పడింది. ఆమె నోరు తెరిచింది, కానీ మాట రాలేదు. ఆ షెడ్డులో ఎవరూ ఎప్పుడూ అలాంటిది చూసి ఉండరు.

అందరూ అటు తిరిగారు. నాన్న లాకర్ మీద తడి మెరుస్తోంది. పేరు లేదు.

గొడవంతా ఒక్కసారిగా ఆగిపోయింది. స్టోర్ ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మెకానిక్ గారూ" అంది మైకత్త. ఆ గొంతు గేటుదాకా కాదు, పక్క మనిషిదాకా కూడా వెళ్ళలేదు. "ఇన్నేళ్ళూ మీకు బాధగా ఉండేదా? ఒక్కమాట చెబితే మానేసేవాళ్ళం కదండీ."

"గారేంటి? అండీ ఏంటి?" నాన్న కంగారుపడ్డాడు. "నేను చెరపలేదు. నాకేం బాధ? అది నా పేరు!"

"మరి ఎవరు చెరిపారు?"

అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. నిమిషం కిందట ఒకే కెటిల్‌లో టీ తాగినవాళ్ళే. మెల్లగా చూపులన్నీ ఒకే చోటికి చేరాయి.

"ఏమయ్యా, టీకి నువ్వే కదా ఆలస్యంగా వచ్చింది?" అన్నాడు స్టోర్ ఆయన ఎలక్ట్రీషియన్‌తో. "నీకు మొదటినుంచీ ఈ పేర్లంటే పడదు. నీ చేతులు కూడా తడిగానే ఉన్నాయి."

"కడుక్కున్నాను" అన్నాడతను. "గ్రీజు అంటింది."

"గ్రీజు అంటిందట!" అన్నారెవరో. ఇద్దరు ముగ్గురు నవ్వారు. మంచి నవ్వు కాదది.

ఎలక్ట్రీషియన్ కూడా నవ్వబోయాడు. పెదవులు కదిలాయి గానీ కళ్ళు కదల్లేదు. చూపు కాళ్ళకేసి దించుకున్నాడు.

ఆ నవ్వుని బుల్లి ఎక్కడో చూసింది. ఎక్కడో ఏమిటి, నిన్ననే, లెక్కల క్లాసులో!

ఆమె ఒళ్ళో దాచిన గుడ్డలోంచి తెల్లటి నీళ్ళు చుక్కచుక్కగా చెప్పుల మీద పడుతున్నాయి. ఇంకా ఎవరూ చూడలేదు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. తెలిస్తే నాన్న మళ్ళీ ఈ షెడ్డులోకి రానివ్వడు. అందరి ముందూ తిడతాడు కూడా.

బుల్లి లేచి నిలబడింది. గుడ్డ ముందుకు చాపింది.

"నేనే."

"ఏంటి నువ్వే?" అన్నాడు నాన్న.

"నత్తలన్నీ నేనే చెరిపాను. లాకర్ కూడా. వాళ్ళు నిన్ను వెక్కిరిస్తున్నారనుకున్నా. ఆ బాబాయ్ గీస్తున్నాడనుకున్నా." నాన్న వైపు తిరిగింది. "నువ్వు గీస్తావని నాకు తెలీదు నాన్నా."

మైకత్త అందరికంటే ముందు తేరుకుంది.

"ఓసినీ! తడిగుడ్డతో గొంతు కోశావు కదే తల్లీ!"

అంతే, షెడ్డు పగలబడి నవ్వింది. ఈసారి మంచి నవ్వే. కానీ నాన్న నవ్వలేదు. గేటువైపు చూపించాడు.

"అటు చూడు."

గేటు అవతల స్టాప్‌లో జనం నిలబడి ఉన్నారు. చంకలో పిల్లవాడితో ఒకామె, చేతికర్రతో ఒక ముసలాయన, బ్యాగులు మోసుకుని బుల్లి బడి పిల్లలే కొందరు.

"బ్రేకు చూశాక మూడు రౌండ్లు మెల్లగా తిప్పుతాను. చిన్న చప్పుడైనా తెలియాలిగా. మొదట్లో వీళ్ళంతా నత్త నత్త అని నవ్వేవాళ్ళు. నవ్వుకోండి, నత్త చూసిన బండి నమ్మకంగా ఆగుతుందని నేనే బొమ్మ గీయడం మొదలుపెట్టా. ఇప్పుడు అది లేకుండా ఒక్కరూ బండి ముట్టుకోరు."

"అయితే మళ్ళీ గీసేయ్ నాన్నా! గబగబా గీసేయ్!"

"చూడకుండా ఎలా గీస్తాను? ఇంతసేపు తలుపులు తెరిచే ఉన్నాయి. ఎవరెక్కారో, ఏం కదిపారో! చెరిగిందంటే మళ్ళీ చూడాల్సిందే."

నాన్న గోతిలోకి దిగాడు. ఐదు బస్సులు. ఒక్కోదానికి మూడు రౌండ్లు. నత్త నడక. స్టాప్‌లో ముసలాయన కర్ర మీద ఒకసారి ఈ చెయ్యి, ఒకసారి ఆ చెయ్యి మార్చుకోవడం బుల్లి చూస్తూ కూర్చుంది. ఎవరూ తిట్టలేదు. తిడితేనే బాగుండు అనిపించింది.

ఎలక్ట్రీషియన్ వచ్చి బెంచీ చివర కూర్చున్నాడు.

"సారీ బాబాయ్."

"పర్లేదులే. నువ్వు చెప్పకపోతే ఈ వారమంతా నాకు టీ దొరికేది కాదు."

"నీ లాకర్ మీద పేరెందుకు లేదు?"

"ఇక్కడ ఒక పద్ధతుంది. కొత్తవాడికి పేరు పెట్టి లాకర్ మీద సుద్దతో రాస్తారు. మూడు రోజులు టైము. ఆ మనిషి చెరపకపోతే అది అతని పేరు. చెరిపేస్తే ఇంక ఎవరూ ఆ పేరుతో పిలవకూడదు. నేను మొదటి రోజే చెరిపేశా."

"ఏం పేరు?"

"చెరిపేసిన పేరు మళ్ళీ పలకరు కదా!"

బుల్లి కాసేపు గుడ్డ అంచు నలిపింది. "వాళ్ళు ఆ పేరు పిలిచినప్పుడు నువ్వు కూడా నవ్వావా?"

"నవ్వాను."

"ఇష్టం లేకపోయినా?"

"నవ్వకపోతే ఇంకా ఎక్కువ నవ్వుతారని." అతను సుద్దముక్క చెవి మీద పెట్టుకుని లేచాడు. "నాకు చెరుపుకోడానికి లాకరుంది కాబట్టి సరిపోయింది."

ఐదో బస్సు బయటికి వెళ్ళేసరికి ఆరు దాటింది. నాన్న వచ్చి బుల్లి బ్యాగు భుజాన వేసుకున్నాడు. బెంచీ మీద, బుల్లి కూర్చునే చోట, ఎవరో అప్పుడే సుద్దతో రాశారు: "తడిగుడ్డ".

"మూడు రోజులు టైము" అంది మైకత్త.

బుల్లి దాన్ని తేరిపార చూసింది. నవ్వు ఆపుకోలేకపోయింది. చెరపలేదు.

గురువారం బుల్లి అందరికంటే ముందు బడికెళ్ళింది. ముందు బెంచీలో పచ్చ రిబ్బన్ అమ్మాయి చోటు దగ్గర, డెస్క్ మూల మీద సుద్దతో "ఇంకోసారి" అని రాసింది. పక్కనే తడిపిన గుడ్డ మడిచి పెట్టింది.

ఆ అమ్మాయి వచ్చి చూసి నిలబడిపోయింది.

"ఇదేంటి?"

"మా నాన్న వాళ్ళ షెడ్డులో పద్ధతి. నీకు నచ్చితే ఉంచుకో. నచ్చకపోతే చెరిపెయ్. చెరిపేస్తే ఇంకెవరూ పిలవకూడదు. మూడు రోజులు టైము."

ఆ అమ్మాయి డెస్క్ కింద చూసింది. వెనక బెంచీల వైపు చూసింది. నవ్వడానికి ఎవరు కాచుకుని ఉన్నారా అని చూసింది.

"ఇది కూడా ఆటేనా?"

"కాదు."

ఆమె నమ్మలేదు. ఎందుకు నమ్ముతుంది? ఆ రోజు గుడ్డని ముట్టుకోలేదు. అక్షరాల మీద పుస్తకం పెట్టుకుని కూర్చుంది. శుక్రవారం కూడా ముట్టుకోలేదు. గుడ్డ ఎండి అట్టలా అయింది. బుల్లి ఏమీ అడగలేదు. దాన్ని మళ్ళీ తడిపి, పిండి, అక్కడే పెట్టింది.

శనివారం ఇంటర్వెల్ అయ్యాక బుల్లి క్లాసులోకి వచ్చేసరికి డెస్క్ మూల తడిగా ఉంది. ఏ అక్షరమూ లేదు. తుడిచి తుడిచి చెక్క రంగు కూడా కాస్త పోయింది.

లెక్కల పీరియడ్. టీచర్ లెక్క పూర్తిచేసి చేతులు దులుపుకుంది. పచ్చ రిబ్బన్ అమ్మాయి సగం లేచి, ఆగింది.

"ఏయ్ ఇంకోసారి!" అన్నాడు వెనక బెంచీ కుర్రాడు.

బుల్లి వెనక్కి తిరిగింది.

"ఎవర్ని పిలుస్తున్నావు? ఆ పేరుగల వాళ్ళు ఇక్కడ లేరు."

"అదేంటే? పెట్టింది నువ్వేగా!"

"పెట్టింది నేనే. చెరిగిపోయింది."

వాడికేమీ అర్థం కాలేదు. పక్కవాడివైపు చూశాడు. పక్కవాడు నవ్వలేదు. దాంతో వాడూ ఊరుకున్నాడు.

పచ్చ రిబ్బన్ అమ్మాయి ఈసారి పూర్తిగా నిలబడింది. అడగాలా వద్దా అన్నట్టు బుల్లి వంక చూసింది. బుల్లి ఆమెను అసలు పేరుతో పిలిచింది, ఇన్నాళ్ళలో మొదటిసారిగా.

"అడుగు" అంది. "నాకూ అర్థం కాలేదు."